వైర్‌లెస్ డ్రైవర్లలో మెమరీ హెచ్చరికలు: నోరు మూయించకుండా సరిచేయడం ఎలా?

హనుమకొండ, కాజీపేట, కరీంనగర్ కాలేజీల్లో చదువుతూ లినక్స్ కెర్నెల్ పనిలోకి దిగాలనుకునే విద్యార్థులు ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే నేను చూపించేది ఈ పనినే. వైర్‌లెస్ డ్రైవర్ల కోడులో కంపైలర్ ఇచ్చే మెమరీ హెచ్చరిక ఒకటి తీసుకోండి. దాన్ని చివరిదాకా తేల్చండి. దీనికి ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు. ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్, నిలకడైన ఇంటర్నెట్, సీ భాషలో పాయింటర్లంటే భయం లేకపోవడం చాలు.

అన్ని డ్రైవర్లలోకీ వైర్‌లెస్‌నే ఎందుకు ఎంచుకోవాలి? కాజీపేట జంక్షన్ ప్లాట్‌ఫాం మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరవండి. మీరు ఏ నెట్‌వర్క్‌కూ కనెక్ట్ కాకముందే, చుట్టుపక్కల రౌటర్లూ ఫోన్ల హాట్‌స్పాట్లూ పంపే బీకన్ ఫ్రేములను (తమ ఉనికిని చాటే చిన్న రేడియో సందేశాలను) మీ డ్రైవర్ చదవడం మొదలుపెడుతుంది. ప్రతి ఫ్రేములోనూ 'ఈ భాగం ఇన్ని బైట్లు' అని చెప్పే అంకెలు ఉంటాయి. వాటిని రాసింది ఎవరో తెలియదు, పాస్‌వర్డ్ ఏదీ అడ్డం ఉండదు. ఆ అంకెను నమ్మి కెర్నెల్ మెమరీలోకి కాపీ చేసే ఒక్క వరుసలో తప్పు ఉన్నా, దాని ప్రభావం మొత్తం యంత్రం మీద పడుతుంది.

అందుకే ప్రతి హెచ్చరిక ముందూ మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ చోటు ఎన్ని బైట్లు? ఇక్కడికి వచ్చే పొడవును ఎవరు నిర్ణయించారు? ఆ రెండింటినీ కోడులో ఎక్కడ పోల్చారు? మూడింటికీ జవాబు దొరికాకే కోడు మీద చేయి వేయండి. తెర మీద నుంచి ఆ వరుస మాయమైతే పని అయిపోయినట్టు కాదు. కొలతల గురించి కోడు కంపైలర్‌కు నిజం చెప్పినప్పుడే అయినట్టు.

ఆదేశాల పేర్లు, ఫంక్షన్ల పేర్లు ఇక్కడ పలికినట్టే తెలుగులో రాశాను. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైపు చేయాలి.

బిల్డ్ సిద్ధం చేసుకోవడం

వైర్‌లెస్ విభాగానికి రెండు ముఖ్యమైన గిట్ చెట్లు (కోడు నిల్వలు) ఉన్నాయి. ఇప్పటికే వాడుకలో ఉన్న కోడులో తప్పు సరిచేస్తుంటే 'వైర్‌లెస్' చెట్టు, శుభ్రపరిచే పని చేస్తుంటే 'వైర్‌లెస్ నెక్స్ట్' చెట్టు. మీరు మొదట చేసేవి ఎక్కువగా రెండో రకం కాబట్టి నెక్స్ట్ తెచ్చుకోండి. కంపైలర్ కొత్తదై ఉండాలి. జీసీసీ అనే కంపైలర్ 14 కంటే పాతదైతే, కింద చెప్పబోయే హెచ్చరికల్లో ఒకటి అసలు కనిపించదు. ఉబుంటు 24.04లో మామూలుగా వచ్చేది జీసీసీ 13. దాని పక్కనే 14 ప్యాకేజీని విడిగా పెట్టుకోవచ్చు.

'మేక్ ఆల్‌మాడ్‌కాన్ఫిగ్' అని కొడితే దాదాపు అన్ని డ్రైవర్లూ బిల్డ్ జాబితాలోకి వస్తాయి. తర్వాత మొత్తం కెర్నెల్‌ను కట్టడానికి కూర్చోవద్దు. వరంగల్ ఎండాకాలంలో మధ్యాహ్నం పూట పాత ల్యాప్‌టాప్ మీద పూర్తి బిల్డ్ నడిపిస్తే ప్రాసెసర్ వేడెక్కి వేగం తగ్గించుకుంటుంది, గంటలు గడిచిపోతాయి. మేక్ ఆదేశానికి డైరెక్టరీ దారి ఇస్తే అదొక్కటే కంపైల్ అవుతుంది. డ్రైవర్స్, నెట్, వైర్‌లెస్, ఏథ్, ఏథ్9కే అని స్లాష్‌లతో దారి ఇచ్చి, చివర కూడా స్లాష్ పెట్టండి. దానితో పాటు 'డబ్ల్యూ=1' జత చేయండి. ఒక ఫీల్డు హద్దు దాటి చదివే కాపీల మీద కొన్ని హెచ్చరికలు ఈ డబ్ల్యూ=1 ఉంటేనే బయటపడతాయి. బిల్డ్ ఫైళ్లు సోర్సుతో కలవకుండా 'ఓ=' ఇచ్చి వేరే ఫోల్డర్‌లోకి పంపండి. మధ్యలో కరెంటు పోయినా, మళ్లీ అదే ఆదేశం ఇస్తే పూర్తయిన ఫైళ్లను వదిలేసి మిగిలినవాటి నుంచి సాగుతుంది.

అర్రే హద్దులు దాటడాన్ని పట్టే 'అర్రే బౌండ్స్' హెచ్చరికను, తప్పుడు ఫిర్యాదులు ఎక్కువ రావడం వల్ల, జీసీసీ చాలా వెర్షన్లతో కట్టేటప్పుడు కెర్నెలే ఆపేసి ఉంచుతుంది. మీరు కావాలని చూడాలనుకుంటే 'కేసీఫ్లాగ్స్' (కంపైలర్‌కు అదనపు ఎంపికలు ఇచ్చే వేరియబుల్) ద్వారా ఆ హెచ్చరిక పేరు ఇవ్వండి. 'ఫ్లెక్స్ అర్రే మెంబర్ నాట్ ఎట్ ఎండ్' అనేదాన్ని కూడా అలాగే ఇవ్వండి. వచ్చిన ఎర్రర్ అవుట్‌పుట్ మొత్తాన్ని ఒక ఫైలులోకి మళ్లించి దాచుకోండి. మార్పు చేశాక పోల్చుకోవడానికి అదే ఆధారం.

మూడు చిరునామాలు, ఒక కాపీ

మొదటి రకం హెచ్చరికలో 'ఫీల్డు పరిమాణం దాటి చదువుతున్నారు' అనో 'రాస్తున్నారు' అనో ఉంటుంది. చివర 'స్ట్రక్ట్_గ్రూప్ వాడి చూడండి' అనే సలహా కూడా ఉంటుంది. ఇది కెర్నెల్‌లోని 'ఫోర్టిఫై సోర్స్' తనిఖీ నుంచి వస్తుంది. నడుస్తున్న కెర్నెల్‌లో అయితే అదే తనిఖీ, కాపీ పరిమాణం ఎంతో, ఫీల్డు పరిమాణం ఎంతో రెండూ చెబుతూ లాగ్‌లో రాస్తుంది. ఆ రెండు అంకెలనూ ముందుగా కాగితం మీద రాసుకోండి.

కెర్నెల్‌లో వైఫై ఫ్రేములను నడిపించే మ్యాక్80211 కోడులో దీనికి చక్కని ఉదాహరణ ఉంది. 802.11 (వైఫై ప్రమాణం) డేటా ఫ్రేము హెడర్‌లో ఫ్రేమ్ కంట్రోల్ 2 బైట్లు, డ్యూరేషన్ 2 బైట్లు, ఆ తర్వాత వరుసగా మూడు చిరునామాలు, ఒక్కొక్కటి 6 బైట్లు, చివర సీక్వెన్స్ కంట్రోల్ 2 బైట్లు. మొత్తం 24. ఎన్‌క్రిప్షన్ కోసం ఆ మూడు చిరునామాలనూ కలిపి ఒకేసారి వేరే బఫర్‌లోకి కాపీ చేయాలి. పాత కోడు మొదటి చిరునామా నుంచి మొదలుపెట్టి 18 బైట్లు కాపీ చేసేది. మెమరీలో అవి పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి ఫలితం సరైనదే. కానీ కంపైలర్‌కు మనం చెప్పింది ఏమిటి? '6 బైట్ల ఫీల్డు నుంచి 18 బైట్లు తీసుకో' అని. అది అభ్యంతరం చెప్పడం న్యాయమే, ఎందుకంటే నిజంగా హద్దు దాటే కోడు కూడా అచ్చం ఇలాగే కనిపిస్తుంది.

ఇక్కడ చాలామంది చేసే పని, మొదటి చిరునామాను వాయిడ్ పాయింటర్‌గా మార్చి కంపైలర్ కళ్లు కప్పడం. దయచేసి అలా చేయవద్దు. స్ట్రక్ట్_గ్రూప్ అనే మ్యాక్రో లినక్స్ 5.16 నుంచి ఉంది. మూడు చిరునామాల ఫీల్డులనూ దానిలో చుట్టి 'అడ్రస్' అన్న పేరును బహువచనంలో పెట్టారు. పక్కపక్కన ఉన్న మూడు సర్వే నంబర్ల చేను ఒకే రైతుదైతే, నంబర్లు అలాగే ఉంచి చుట్టూ ఒకే గట్టు వేసినట్టు. విడివిడిగా ప్రతి చిరునామానూ పాత పేరుతోనే పిలవవచ్చు, మూడింటినీ కలిపి కొత్త పేరుతోనూ పిలవవచ్చు. లోపల ఇది రెండు రకాలుగా చూసే ఒక యూనియన్ మాత్రమే కాబట్టి ఒక్క బైటు కూడా అటూ ఇటూ జరగదు. ఇప్పుడు కాపీ మూలం 18 బైట్ల గుంపు, కాపీ కూడా 18 బైట్లు. ఎవరైనా రేపు పొరపాటున 20 అని రాస్తే కంపైలర్ వెంటనే పట్టుకుంటుంది.

మీ డ్రైవర్‌లో ఇలాంటిది కనబడితే ముందుగా ఒకటి తేల్చుకోండి. రచయిత ఆ పక్క ఫీల్డులను కావాలనే కలిపి కాపీ చేశాడా, లేక సైజు తప్పుగా రాశాడా? మొదటిదైతే గుంపు కట్టండి. రెండోదైతే అది అసలైన తప్పు. దానికి గుంపు కడితే తప్పును చట్టబద్ధం చేసినవారవుతారు.

చివర ఒక్క ఎలిమెంటు ఉన్న అర్రే

పాత డ్రైవర్లలో స్ట్రక్చర్ చివర ఒకే ఎలిమెంటు పరిమాణంతో అర్రే పెట్టి, దాని వెనుక ఎంత డేటా అయినా ఉంచడం అలవాటు. లినక్స్ 6.5 నుంచి కెర్నెల్ 'స్ట్రిక్ట్ ఫ్లెక్స్ అర్రేస్' ఎంపికను అత్యంత కఠిన స్థాయిలో, అంటే 3లో, వాడుతోంది. ఒకటి అని రాస్తే ఒకటే అని కంపైలర్ నమ్ముతుంది. ఆ ఒక్క ఎలిమెంటు ఎప్పుడో దాటిన పాత కోడంతా ఇప్పుడు బయటపడుతోంది.

మందు సులభంగానే కనిపిస్తుంది: ఆ 1 తీసేసి చతురస్ర బ్రాకెట్లను ఖాళీగా వదలడం. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది, తొందరపడకండి.

ఫర్మ్‌వేర్‌కు (చిప్ లోపల నడిచే ప్రోగ్రాముకు) పంపే ఒక ఆదేశం అనుకుందాం: ఆదేశ సంఖ్య 2 బైట్లు, పొడవు 2 బైట్లు, ఆ తర్వాత ఒక బైటు అర్రే. స్ట్రక్చర్ 'ప్యాక్డ్' (ఫీల్డుల మధ్య ఖాళీ వదలనిది) అయితే సైజాఫ్ 5 ఇస్తుంది. ప్యాక్డ్ కాకపోతే అలైన్‌మెంట్ వల్ల 6 ఇస్తుంది. అర్రేను ఖాళీ చేశాక రెండు సందర్భాల్లోనూ 4. ఇప్పుడు కోడులో ఎక్కడో 'సైజాఫ్ తీసి, ఒకటి తగ్గించి, డేటా పొడవు కలుపు' అని ఉంటుంది. దాన్ని ముట్టుకోకుండా వదిలేస్తే లెక్క 3 నుంచి మొదలవుతుంది, ఒక బైటు తక్కువ కేటాయిస్తారు. ఉన్న హెచ్చరిక పోయింది, లేని ఓవర్‌ఫ్లో వచ్చింది.

కాబట్టి ఆ స్ట్రక్చర్ పేరుతో సైజాఫ్ వాడిన ప్రతి చోటునూ గ్రెప్‌తో వెతకండి. పేరుతో మాత్రమే వెతికితే చాలదు. ఆ రకం పాయింటర్ ముందు నక్షత్రం పెట్టి సైజాఫ్ తీసిన చోట్లూ ఉంటాయి, ఆ స్ట్రక్చర్‌ను లోపల పెట్టుకున్న ఇంకో స్ట్రక్చర్ సైజూ మారుతుంది. కేటాయింపు దగ్గర చేతి లెక్క తీసేసి 'స్ట్రక్ట్_సైజ్' పెట్టండి. గుణింతంలోనో కూడికలోనో అంకె పొంగితే అది సాధ్యమైనంత పెద్ద విలువను ఇస్తుంది, అప్పుడు కేటాయింపే విఫలమవుతుంది. చిన్న బఫర్ చేతికొచ్చి మోసం చేయడం కంటే అది ఎంతో మేలు.

ప్యాక్డ్ కాని సందర్భాన్ని ఇంకొంచెం చూడండి. 6లో ఒకటి తీస్తే 5. డేటా నిజంగా మొదలయ్యేది 4వ బైటు దగ్గర. అంటే పాత కోడు ఇన్నేళ్లూ ఒక బైటు ఎక్కువ పంపుతూ వచ్చింది. ఆ పొడవు చిప్ లోపలి ఫర్మ్‌వేర్‌కు వెళ్తుంటే, అది ఆ అదనపు బైటునే ఆశిస్తూ ఉండవచ్చు. మన దగ్గర ఫర్మ్‌వేర్ సోర్సు ఉండదు, అడిగే దారి ఉండదు. పరికరం చేతిలో లేనప్పుడు దానికి వెళ్లే బైట్ల సంఖ్యను మార్చకూడదన్నది నా గట్టి నియమం. అలాంటప్పుడు ఒక యూనియన్ పెట్టి, అందులో పాత ఒక బైటునూ 'డిక్లేర్_ఫ్లెక్స్_అర్రే' మ్యాక్రోతో ఖాళీ అర్రేనూ పక్కపక్కన ఉంచండి. సైజాఫ్ పాతదే ఉంటుంది, అర్రే మాత్రం కంపైలర్‌కు నిజమైన రూపంలో కనిపిస్తుంది.

ఎన్ని ఉన్నాయో చెప్పే గుర్తు

ఖాళీ అర్రే పెట్టడంతో సగం నిజమే చెప్పాం. అందులో ఎన్ని ఎలిమెంట్లు ఉన్నాయో కూడా అదే స్ట్రక్చర్‌లోని మరో ఫీల్డు చెబుతుంటే, 'కౌంటెడ్_బై' గుర్తుతో ఆ రెండింటినీ ముడివేయవచ్చు. క్లాంగ్ 19, జీసీసీ 15 తరం కంపైలర్లు దీన్ని ఉపయోగించుకుని, నడుస్తున్నప్పుడు కూడా హద్దులు చూస్తాయి. పాత కంపైలర్లలో ఆ మ్యాక్రో ఖాళీగా మారిపోతుంది, నష్టం లేదు.

ఇక్కడ జాగ్రత్త అంతా వరుస క్రమంలో ఉంది. ముందు సంఖ్య వేయాలి, ఆ తర్వాతే అర్రేను ముట్టుకోవాలి. ఎలిమెంటు రాసి ఆ తర్వాత సంఖ్యను ఒకటి పెంచే లూపులు మన డ్రైవర్లలో ఎన్నో. గుర్తు పెట్టగానే అవన్నీ తప్పుగా మారతాయి, ఎందుకంటే రాసే క్షణానికి సంఖ్య ఇంకా సున్నాయే.

ప్రోగ్రాముల వైఫై అభ్యర్థనలను కెర్నెల్‌కు అందించే ఎన్ఎల్80211లో స్కాన్ అభ్యర్థన కోడును దీనికోసం చదవండి. అక్కడ ఒకే కేటాయింపులో ముందు అభ్యర్థన, దాని చివర ఛానళ్ల అర్రే, ఆ వెనుకే ఎస్ఎస్ఐడీల (నెట్‌వర్క్ పేర్ల) జాబితా ఉంటాయి. ఛానళ్ల అర్రేకు గుర్తు పెట్టాక రెండు సవరణలు అవసరమయ్యాయి. ఛానళ్ల సంఖ్యను ముందుగానే వేయడం ఒకటి. ఎస్ఎస్ఐడీల చోటును 'ఛానళ్లలో చివరిదాని తర్వాతి ఎలిమెంటు చిరునామా'గా కాకుండా, కేటాయింపు మొదటి నుంచి బైట్లు లెక్కించి కనుక్కోవడం రెండోది. లేని ఎలిమెంటు చిరునామా తీసుకోవడం కూడా హద్దు దాటడమే అని తనిఖీ పట్టుకుంటుంది.

ఫీల్డులో ఉన్నది ఎలిమెంట్ల సంఖ్య కాక బైట్ల పొడవైతే, అర్రే ఎలిమెంటు ఒక బైటు కానప్పుడు ఆ గుర్తు పెట్టకండి. ఫర్మ్‌వేర్ నుంచి వచ్చే లిటిల్ ఎండియన్ (చిన్న విలువ బైటు ముందుండే) సంఖ్యలకు విడిగా 'కౌంటెడ్_బై_ఎల్ఈ' ఉంది. ఎండియన్ పొరపాట్లకు మేక్‌కు 'సీ=1' ఇచ్చి స్పార్స్ తనిఖీ కూడా నడిపించండి.

మధ్యలో ఇరుక్కున్న ఖాళీ అర్రే

జీసీసీ 14తో వచ్చిన ఫ్లెక్స్ అర్రే హెచ్చరిక ఇదే. చివర ఖాళీ అర్రే ఉన్న స్ట్రక్చర్‌ను ఇంకో స్ట్రక్చర్ మధ్యలో పెట్టి, దాని తర్వాత వేరే ఫీల్డులు ఉంచితే, ఆ అర్రేలో రాసిన మొదటి బైటే పక్క ఫీల్డు మీద పడుతుంది. ఆ స్ట్రక్చర్ పూర్తిగా డ్రైవర్ సొంతానిదైతే ఆ సభ్యుడిని చివరికి జరపండి, పని ముగుస్తుంది. ఫర్మ్‌వేర్‌తోనో గాలిలోని ఫ్రేముతోనో పంచుకునేదైతే జరపడం కుదరదు. రేడియోట్యాప్ హెడర్ (ఫ్రేముకు రేడియో వివరాలు జతచేసేది) విషయంలో 2024లో ఇదే పరిస్థితి. దాని స్థిర భాగం 8 బైట్లు, చివర ఐచ్ఛిక భాగానికి ఖాళీ అర్రే ఉంది. ఎన్నో డ్రైవర్లు దాన్ని తమ స్ట్రక్చర్ల మధ్యలో పెట్టుకున్నాయి. ఖాళీ అర్రే లేని స్థిర భాగానికి వేరే రకం పేరు ఇచ్చి, డ్రైవర్లలో దాన్నే వాడారు. మీ డ్రైవర్‌లో ఇదే పద్ధతికి 'స్ట్రక్ట్_గ్రూప్_ట్యాగ్డ్' పనికొస్తుంది. స్టాక్ మీద చిన్న వేరియబుల్‌గా ఉన్నదైతే 'డిఫైన్_రా_ఫ్లెక్స్' చాలు.

స్ట్రింగులు

స్ట్రింగ్ కాపీల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 'స్ట్రెల్‌కాపీ' 6.8లో కెర్నెల్ నుంచే తీసేశారు. కొత్త కోడులో 'స్ట్రెస్‌కాపీ' వాడండి. అయితే ఎస్ఎస్ఐడీని మాత్రం స్ట్రింగుగా చూడకండి. అది గరిష్ఠంగా 32 బైట్ల ముడి డేటా, పొడవు విడిగా ఉంటుంది, చివర సున్నా ఉండాలన్న నియమం లేదు, మధ్యలో సున్నా ఉన్నా తప్పు కాదు. పొడవు 32 దాటలేదని చూసుకుని మెమ్‌కాపీ చేయడమే సరైన పద్ధతి.

కంపైలర్ చెప్పనివి

హెచ్చరిక ఉన్న ఫంక్షన్‌ను తెరిచినప్పుడు దాని చుట్టూ ఉన్న కోడు కూడా చదవండి. 802.11 ఎలిమెంటులో (అర్రే ఎలిమెంటు కాదు, ఫ్రేములోని ఒక సమాచార భాగం) ఒక బైటు గుర్తింపు, ఒక బైటు పొడవు, ఆ తర్వాత 255 బైట్ల వరకు డేటా. ఈ పొడవు కంపైల్ సమయంలో ఎవరికీ తెలియదు, కాబట్టి కంపైలర్ మౌనంగా ఉంటుంది.

2019లో రియల్‌టెక్ డ్రైవర్‌లో బయటపడిన సీవీఈ-2019-17666 (సీవీఈ అంటే భద్రతా లోపానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) అలాంటిదే. వైఫై డైరెక్ట్ ఫ్రేములో వచ్చే 'నోటీస్ ఆఫ్ ఆబ్సెన్స్' వివరాలు ఒక్కొక్కటి 13 బైట్లు. వచ్చిన పొడవును 13తో భాగించి ఎన్ని ఉన్నాయో కనుక్కునేవారు. డ్రైవర్‌లో చోటు రెండింటికే ఉంది. వచ్చిన సంఖ్య రెండు దాటిందా అని ఎవరూ అడగలేదు. సరిచేయడానికి పట్టింది కొన్ని వరుసలే.

2022లో వచ్చిన సీవీఈ-2022-41674 నాకు ఇంకా ఎక్కువ నేర్పింది. వైఫై సెట్టింగులు చూసే కెర్నెల్ భాగం సీఎఫ్‌జీ80211లో ఒక ఎలిమెంటు పొడవుకు హెడర్ 2 బైట్లు కలిపి, ఆ మొత్తాన్ని ఒక బైటు వేరియబుల్‌లో ఉంచారు. పొడవు 254 అయితే మొత్తం 256 కావాలి, కానీ ఒక బైటులో అది సున్నాగా మిగులుతుంది. ఆ తప్పు లెక్క వల్ల తర్వాతి కాపీ 256 బైట్లు ఎక్కువ రాసేది. సవరణ ఆ వేరియబుల్ రకాన్ని 'సైజ్_టీ'గా మార్చడమే. అందుకే పొడవును దాచే ప్రతి వేరియబుల్ రకాన్నీ చూడండి. కూడిక ఎక్కడ ఉంటే అక్కడ, అతి పెద్ద విలువ పెట్టి చేత్తో లెక్కవేయండి.

తనిఖీ లేని చోట చేర్చేటప్పుడు, పొడవు ఎక్కువైతే కత్తిరించాలా, ఫ్రేమునే తిరస్కరించాలా? ప్రమాణం ఒప్పుకోని పొడవైతే తిరస్కరించండి. కత్తిరించిన ఎస్ఎస్ఐడీ ఇంకో నెట్‌వర్క్ పేరు కావచ్చు.

నిజంగానే కంపైలర్ పొరబడితే? ముందు కోడులో లేని హద్దును ఒక 'ఇఫ్'తో రాసి చూడండి, చాలాసార్లు దానితోనే సర్దుకుంటుంది. ప్రాగ్మాతో హెచ్చరికను ఆపడం కంటే 'అన్‌సేఫ్_మెమ్‌కాపీ' మేలు. అది కారణాన్ని కూడా అక్కడే రాయమని అడుగుతుంది, తర్వాత చదివేవారికి మీ వాదన కనిపిస్తుంది.

మార్పు తర్వాత

'పాహోల్' సాధనంతో స్ట్రక్చర్ చిత్రాన్ని మార్పుకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి తీయండి. ప్రతి ఫీల్డు ఆఫ్‌సెట్‌నూ పోల్చండి. హార్డ్‌వేర్‌తో పంచుకునే స్ట్రక్చర్ కింద 'స్టాటిక్_అసర్ట్'తో పరిమాణాన్ని రాసిపెట్టండి. ఆ తర్వాత రెండు ఆబ్జెక్ట్ ఫైళ్లనూ ఆబ్జ్‌డంప్‌తో విప్పి పోల్చండి. కెర్నెల్ స్క్రిప్టుల ఫోల్డర్‌లోని 'ఆబ్జ్‌డిఫ్' ఇందుకే ఉంది. స్ట్రక్ట్_గ్రూప్ లాంటి మార్పులో యంత్ర సూచనలు మారకపోవాలి. మారితే ఎందుకో మీరు చెప్పగలగాలి.

పరికరం ఉంటే దాని మీద స్కాన్, కనెక్ట్, సస్పెండ్, రెజ్యూమ్ చేసి చూడండి. మార్పు మ్యాక్80211లోనో సీఎఫ్‌జీ80211లోనో అయితే పరికరమే అక్కర్లేదు. 'మ్యాక్80211_హెచ్‌డబ్ల్యూసిమ్' మాడ్యూల్ లోడ్ చేస్తే రెండు కాల్పనిక రేడియోలు వస్తాయి. ఒకదాని మీద హోస్ట్ఏపీడీ (యాక్సెస్ పాయింట్‌గా పనిచేసేది), ఇంకోదాని మీద డబ్ల్యూపీఏ సప్లికెంట్ (దానికి కనెక్ట్ అయ్యేది) నడిపించండి. కెర్నెల్‌ను 'కేసన్', 'యూబీసన్ బౌండ్స్' అనే మెమరీ, హద్దు తనిఖీలతో కట్టి ఉంచితే, తప్పు జరిగిన వరుస లాగ్‌లో చూపిస్తుంది.

ప్యాచ్ (మీ మార్పుల ఫైలు) పంపేటప్పుడు ఒక డ్రైవర్‌కు ఒక ప్యాచ్. శీర్షిక 'వైఫై' అనే మాటతో మొదలై, కోలన్ తర్వాత డ్రైవర్ పేరు రావాలి. 'చెక్‌ప్యాచ్' ముందే నడిపించండి. వివరణలో హెచ్చరిక పూర్తి పాఠం, ఏ ఫీల్డు ఎన్ని బైట్లు, కాపీ ఎన్ని బైట్లు, ఆ పొడవు ఎక్కడి నుంచి వస్తోంది, ఏ కంపైలర్‌తో చూశారు, పరికరం మీద పరీక్షించారా లేక కంపైల్ మాత్రమే చేశారా అన్నవి స్పష్టంగా రాయండి. కంపైల్ మాత్రమే చేసి ఉంటే ఆ మాటే రాయండి. ఆబ్జెక్ట్ ఫైళ్లు పోల్చి చూసినప్పుడే 'పనితీరులో మార్పు లేదు' అన్న వాక్యం చేర్చండి.